ఎస్తేరమ్మ చింపిన గుడ్డ

మొన్న తాండూరు బజారులో బట్టల దుకాణానికి వెళ్ళాను. దిండు గలేబులు చిరిగిపోయాయని మా కోడలు వారం రోజులుగా నా ప్రాణం తీస్తోంది. నాకంటే ముందు వచ్చిన ఒకావిడ తెల్ల నూలు గుడ్డ అడిగింది. దుకాణదారు కొలిచి, అంచు మీద కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టుకుని చర్రున చింపాడు. ఆ చప్పుడుకు నా ఎడమ కాలి చీలమండ దగ్గర చురుక్కుమంది. అక్కడ అరవై ఏళ్ళు దాటిన మచ్చ ఒకటుంది. నొప్పి ఎప్పుడో పోయింది కానీ ఆ చప్పుడు వింటే మాత్రం ఇప్పటికీ పలుకుతుంది. నా మొహం చూసి భయపడ్డాడేమో, అతను కుర్చీ వేసి నీళ్ళ సీసా చేతికిచ్చాడు. నేను దాన్ని వెలుతురుకెత్తి చూశాను. "సీల్ తియ్యలేదవ్వా, మంచి నీళ్లే" అన్నాడు నవ్వుతూ. నవ్వితే నవ్వనీ. తాగే ముందు నీళ్ళను వెలుతురుకెత్తి చూడమని నాకు నేర్పిన మనిషి ఎస్తేరమ్మ. ఆమెను ఎరిగినవాళ్ళు మా ఊళ్ళో కూడా ఇప్పుడెవరూ మిగల్లేదు. నేనూ పోతే ఆమె ఎవరో చెప్పే దిక్కుండదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాసి పెడుతున్నాను.

పోలీసు చర్య జరిగిన ఏడే నా పెళ్ళయింది. మా నాన్న వికారాబాదులో బడిపంతులు. నాకు పదిహేనేళ్ళు రాగానే బంట్వారం దగ్గరి ఒక ఊరికి, పటేలుగారింటి కోడలిగా పంపించాడు. ఆ ఊళ్ళో మా మామగారి మాటకు ఎదురు లేదు. ఇంట్లో పనివాళ్ళకు కొదవ లేకపోయినా, తాగే నీళ్ళు మాత్రం కోడలే తానం చేసి తేవాలని మా అత్తగారి పట్టు. ఊరంతటికీ తాగే నీళ్ళ బావి ఒక్కటే, మెట్ల బావి. మెట్లు దిగి, నీళ్ళలో మోకాలి లోతు నిలబడి, కడవ ముంచుకుని ఎక్కి రావాలి. మాదిగవాడ వాళ్ళకు మెట్లు దిగే హక్కు లేదు. వాళ్ళు పైన గట్టు మీద కడవలు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. దిగినవాళ్ళలో ఎవరికి దయ పుడితే వాళ్ళు ఆ కడవల్లో పోసేవాళ్ళు. నాకు అప్పట్లో అది తప్పుగా తోచలేదు. బావి అంటే అలాగే ఉంటుందనుకున్నాను.

ఎండలు మొదలైతే ఊళ్ళో నారికురుపు లేచేది. ఈ కాలం పిల్లలకు పేరు కూడా తెలియదు కనుక చెప్పాలి. పాదం మీదో చీలమండ దగ్గరో నిప్పు తగిలినట్టు పొక్కు లేస్తుంది. అది పగిలితే లోపలి నుంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకింత చొప్పున మెల్లగా లాగాలి. తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే కాలు కుండలా వాస్తుంది. నెలా రెండు నెలలు మంచం మీదే. అది కూడా సరిగ్గా దుక్కులూ విత్తనాలూ వచ్చే రోజుల్లో. ఇంటి మగవాడికి నారి లేచిందంటే ఆ ఏడు వాళ్ళ చేను పడావు పడినట్టే. గొల్లవాడలో మల్లమ్మ మగడు ఒక వేసవంతా మంచం దిగకపోతే మంద చెదిరిపోయి వాళ్ళు కూలికి పోవాల్సి వచ్చింది. ఇదంతా ఎవరో చేసిన పాపమనీ, చెడు రక్తమనీ అనుకునేవాళ్ళం.

నేను కాపురానికి వచ్చిన పదేళ్ళకు కాబోలు, తాండూరు నుంచి ఎస్తేరమ్మ వచ్చింది. ఊళ్ళలో జబ్బులు రాకుండా చూడటానికి సర్కారు పెట్టిన ఉద్యోగి ఆమె. అందరూ నర్సమ్మ అనేవాళ్ళు. నలభై ఏళ్ళుంటాయి. పొట్టి మనిషి, తెల్ల చీర, చేతిలో మగవాళ్ళ గొడుగు, భుజాన తోలు సంచి. ఆమె నడుస్తుంటే పక్కవాళ్ళు పరుగెత్తాల్సిందే. క్రైస్తవురాలు. ఆమె తాతలు ఏ వాడ నుంచి వచ్చారో ఊరికి మొదటి రోజే తెలిసిపోయింది. ఇలాంటివి తెలుసుకోవడంలో మా ఊరికి సాటి లేదు. మా ఇంట్లో ఆమెకు అరుగు చివర చోటు, గోడ గూట్లో వేరే గ్లాసు. నీళ్ళు తాగి ఆ గ్లాసును తనే కడిగి గూట్లో బోర్లించేది. మొహంలో ఏమీ కనపడనిచ్చేది కాదు. ఆ గ్లాసు అక్కడ పెట్టింది నేనే. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయక తప్పదు.

మొదటి రోజే ఆ గ్లాసులో బావి నీళ్ళు పోయించుకుని, ఎండకు ఎత్తి మా మామగారికి చూపించింది. సన్నటి తెల్ల నలుసులు అందులో దూకుతున్నాయి. "పటేలా, నారి పాపంతోటి రాదు, గీ బావిలకెల్లి వస్తది. నారి లేసినోళ్లు నీళ్లల్ల కాలు వెట్టంగనే పురుగు పిల్లలిడుస్తది. గా నీళ్లు మనం తాగుతం. మళ్ల ఎండకాలానికి మన కాలుకెల్లి లేస్తది. రెండే పనులు. నారి ఉన్నోళ్లు బావిల దిగొద్దు. తాగే నీళ్లు గుడ్డతోటి వడగట్టాలె." సర్కారు ఇచ్చిన నూలు గుడ్డ తాను ఒకటి సంచీలోంచి తీసి అరుగు మీద పెట్టింది. మామగారు మీసం దువ్వుకుని, "గుడ్డ మా ఇంట్ల పెట్టు. కావల్సినోళ్లొచ్చి తీస్కపోతరు. కోడలు సూస్కుంటది. బావి సంగతి డప్పు కొట్టిపిస్త" అన్నాడు. పటేలు మాట ఇచ్చాడంటే సగం పని అయినట్టేనని ఆమె సంతోషంగా వెళ్ళింది. నా సంతోషం అంతకంటే ఎక్కువ. అప్పటిదాకా నా నడుముకు వేలాడింది వంటింటి తాళం ఒక్కటే. ఇప్పుడు ఊరి తాళమే దొరికినంత గర్వపడ్డాను.

నెలన్నర గడిచినా గుడ్డ కోసం ఒక్కరూ రాలేదు. మంచి చెప్తే వినని మూఢులనుకున్నాను. ఎస్తేరమ్మ మళ్ళీ వచ్చి, "గుడ్డ ఏదమ్మా?" అని అడిగింది. సందుగ తెరిచి, వేపాకుల మధ్య నుంచి తాను తీసి చూపించాను. పెట్టిన మడత పెట్టినట్టే ఉంది, ఒక్క మరక లేదు. మెప్పు కోసం ఆమె మొహంలోకి చూశాను. "మస్తు పైలంగ దాచినవ్" అంది. గుడ్డ మీద చెయ్యి వేసి, "నీ తప్పు గాదు, నాదే తప్పు. పటేలింటి గడప కాడికొచ్చి గుడ్డియ్యమని అడిగే ధైర్నం గొల్లవాడోళ్లకుంటదా, మాదిగవాడోళ్లకుంటదా? గీ మాత్రం నాకు తోచలే" అంది. చాటింపు ఇంకా పెద్ద అనర్థం తెచ్చిందని ఆమె వెళ్ళి వాకబు చేస్తే తెలిసింది. నారి ఉన్నవాళ్ళు బావిలో దిగితే చావడి ముందు నిలబెడతామని డప్పు వాయించేసరికి, పుళ్ళున్నవాళ్ళు కాళ్ళకు గుడ్డపేలికలు చుట్టి, ఎవరూ రాకముందే దిగి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. తప్పు నాదే అని అధికారం ఉన్నవాళ్ళ నోట వినడం నాకు అదే మొదలు. మా ఇంట్లో పెద్దవాళ్ళు తప్పు చేస్తే దానికి వేరే పేరు పెట్టేవాళ్ళు.

మరునాడు ఆమె బావి గట్టు మీద, మాదిగవాడ ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. పొద్దుట నేను వెళ్ళినప్పుడు ఉంది, మధ్యాహ్నం వెళ్ళినప్పుడూ అక్కడే ఉంది. పక్కన బాలవ్వ. యాభై దాటిన మనిషి, రోజూ అందరికంటే ముందొచ్చి అందరి తరవాత వెళ్ళేది. నేను కడవ తోముతున్నట్టు నటిస్తూ చెవి అటు వేశాను.

"బాలవ్వా, ఊర్ల ఎవలెవలి కాళ్లకు నారి ఉందో నీకెర్కేనా?"

"ఎర్కలేకేంది నర్సమ్మా. పొద్దందాక గీడనే కూసుంటిమి. దిగెటోళ్ల మొకం దిక్కు సూస్తె వాళ్లకు కోపమొస్తది. గందుకే నేను కాళ్లే సూస్త."

అని, వాడ వాడ వరసగా చెప్పుకుపోయింది. ఎవరి కుడికాలు, ఎవరి ఎడమకాలు, ఎవరిది మానింది, ఎవరిది కొత్తగా ఎర్రబడింది. ఎస్తేరమ్మ రాసుకోలేదు, తల ఊపుతూ విన్నది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆమె తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో అడిగేశాను, "గామెను అడుగుడేంది? మేమంత లేమా?" అని. ఆమె గొడుగు ముడిచి నా వైపు చూసింది. "మీరంత దిగెటోళ్లు. ఆమె పైన కూసునేది. గాడికెల్లి కనవడేది మీకు కనవడదమ్మా." నేను మూతి ముడుచుకుని ఇంటికి వచ్చాను.

ఆ వారంలోనే ఆమె మా మామగారి చేత ఊరందరినీ పిలిపించింది. చావడి దగ్గర అయితే మాదిగవాడ వాళ్ళు బయట నిలబడాలి కదా, బావి గట్టు దగ్గరకు రమ్మంది. నా సందుగలోని తాను తెప్పించి, ఊళ్ళో వాడలు ఎన్నో అడిగి, పంటితో గాటు పెట్టి చర్రున చింపింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చింపులు, అయిదు ముక్కలు. ఆ చప్పుడు మెట్ల బావిలో పడి తిరిగి పైకి వచ్చింది. నేను పైలంగా దాచిన గుడ్డ, నా కళ్ళ ముందే. నిజం చెప్పాలంటే నన్నే చింపినట్టనిపించింది.

మామగారికి నచ్చలేదు. "ముక్కలు జేస్తె పెత్తనం గూడ ముక్కలైతది నర్సమ్మా. ఎవలి మాట ఎవలింటరు?"

"మీరు ఊ అనంది పని మొదలు గాదు పటేలా. మీరొక్కలే మొయ్యాలంటె నాలుగు దినాలల్ల ఆగిపోతది. వాడకొక మనిషిని వాడోళ్లనే ఏర్పాటు చేసుకోనీయుండ్రి. గుడ్డ వాళ్ల కాడనే ఉంటది. ఇంటింటికి ముక్క చేసుడు, వడగట్టుడు నేర్పుడు వాళ్ల పని." గొంతు తగ్గించి మళ్ళీ అంది. "నన్ను ఉగాదికి బదిలీ చేసిన్రు. పురుగు ఏడాదికి గాని బయటవడదు. గీ ఒక్క ఎండకాలం పుండుతోటి ఎవలు నీళ్లల్ల కాలు వెట్టకుంటె, మీదటేడు నారి ఉండదు. ఒక్కలు వెట్టినా మళ్ల మొదలే. సూసేతందుకు నేనుండ."

అలా కాపువాడకు నేను, గొల్లవాడకు మల్లమ్మ, మాదిగవాడకు బాలవ్వ, మిగతా రెండు వాడలకు వాళ్ళ వాళ్ళ ఆడవాళ్ళు పెద్దలమయ్యాం. చావడి ముందు నిలబెట్టే మాట మామగారు వెనక్కి తీసుకున్నాడు. కాలికి పుండున్నవాళ్ళు దాచుకోనక్కరలేదు, గట్టు మీద కూర్చుంటే చాలు, దిగినవాళ్ళు వాళ్ళ కడవ నింపాలి. పుండు ఎవరికి కనపడినా అక్కడే చెప్పాలి. పొద్దంతా అక్కడుండేది బాలవ్వ కనుక ఆ పని ఎక్కువగా ఆమె మీదే పడింది. "పటేలా, ఎవలి కాలైనా చెప్పొచ్చునా?" అని ఆమె అడిగింది. "ఎవలిదైనా" అన్నాడు మామగారు. మా ఇంట్లో ఎవరికీ లేదన్న ధీమా ఆయనది.

ఎస్తేరమ్మ ఉగాదికి వెళ్ళిపోయింది. పని సాగింది. మల్లమ్మ పుట్టిల్లు కన్నడ సీమ, వడగట్టని ఇల్లు కనపడితే కన్నడంలో తిట్టేది. అర్థం కాకపోయినా వాళ్ళు భయపడి వడగట్టేవాళ్ళు. నేను కాపువాడలో ఇల్లిల్లూ తిరిగి నీతులు చెప్పాను. ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున నా ఎడమ చీలమండ దగ్గర, కడియం కింద, నిప్పు పెట్టినట్టు మండింది. చూసుకుంటే పొక్కు.

నేనేం చేశానో ఉన్నదున్నట్టు చెప్తాను. కడియం మీదికి చీర కుచ్చిళ్ళు జార్చాను. ఎవరికీ చెప్పలేదు. ఊరందరికీ బుద్ధులు చెప్పిన పటేలు కోడలు మాదిగవాడ వాళ్ళ పక్కన గట్టు మీద కూర్చుంటుందా? అత్తగారు ఇంట్లోకి రానిస్తుందా? రెండు రోజులు అలాగే దిగాను. పొక్కు పగలలేదు కదా, పురుగు ఇంకా బయటికి రాలేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మూడో రోజు తెల్లవారే పొక్కు పగిలింది. అయినా కడవ నడుముకు పెట్టుకుని బావికి బయలుదేరాను. చివరి మెట్టు మీద నిలబడి చెయ్యి చాచి ముంచుకుంటే సరిపోతుందనుకున్నాను. వేసవి బావి, నీళ్ళు అడుక్కి పోయి ఉన్నాయి. నీళ్ళలో దిగకుండా కడవ మునగదని నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను.

మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. "పటేలమ్మా, జర ఆగు" అని వినిపించింది. బాలవ్వ. పెద్దగా అనలేదు. తల ఎత్తలేదు, చూపు నా కాలి మీదే ఉంది. "నీ కాలు సూస్కో."

కింద నీళ్ళలో నిలబడ్డ మల్లమ్మ ముంచడం ఆపింది. మెట్ల మీది ఆడవాళ్ళంతా నిలిచిపోయారు. నా నోటి దాకా ఒక మాట వచ్చింది. ఆ మాట నేను అని ఉంటే సాయంత్రానికి బాలవ్వ కొడుకుకు మా పొలంలో పని ఉండేది కాదు, మర్నాటికి ఆ ఇంటికి ఊళ్ళో చోటుండేది కాదు. అది నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.  అయినా ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. ఎస్తేరమ్మ అక్కడ లేదు, మా మామగారూ లేరు. ఆ క్షణంలో ఆ బావీ, వచ్చే ఏడు ఊరి గతీ, అన్నీ ఆ ముసలామె నోటి మీద ఆధారపడి ఉన్నాయి. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. గట్టు మీదికి వచ్చి, కడవ దించి, ఆమెకు బారెడు దూరంలో కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. కోపంతో వచ్చిందో సిగ్గుతో వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

మల్లమ్మ పైకి వచ్చి నా కడవే ముందు నింపింది. పొద్దుట నుంచి కూర్చున్న బాలవ్వ కడవ ఖాళీగానే ఉంది. అది చూస్తూనే నింపిన కడవ ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. అత్తగారికి కబురు నాకంటే ముందే చేరింది. "మాదిగోళ్ల పక్కకు కూసున్నవా? ఇంటి మర్యాద ఏమన్న ఉంచినవా?" అని వాకిట్లోనే ఆపేసింది. అరుగు మీద మామగారు తమలపాకు నములుతున్నాడు. నా కాలు చూశాడు. "ఎవలి కాలైనా అన్నది నేనే. కూసోనీ" అన్నాడు చివరికి. ఆయన జీవితంలో అన్న మాటల్లో నాకు గుర్తున్న గొప్ప మాట అదే.

పురుగు పూర్తిగా బయటికి రావడానికి ఇరవై రోజులకు పైగా పట్టింది. అన్ని రోజులూ గట్టు మీదే కూర్చున్నాను. మొదట్లో నా కడవ చకచకా నిండేది. పోను పోను మల్లమ్మకూ వేరేవాళ్ళకూ వాళ్ళ పనులు, వాళ్ళ తొందర. పటేలు కోడలైనా కాస్త ఆగాలి. ఎండలో ఖాళీ కడవ పక్కన కూర్చుని, ఎవరైనా ఇటు చూస్తారా అని దిగేవాళ్ళ కాళ్ళ వైపు చూస్తూ ఉండటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. నేను ఇరవై రోజులు చేసిన పని బాలవ్వ పుట్టినప్పటి నుంచీ చేస్తోంది. వారం దాటాక ఒక రోజు మల్లమ్మ నా కడవ మీదికి వంగితే, "బాలవ్వ పొద్దుటి సంది ఉంది. ఆమెకు వొయ్యి" అన్నాను. బాలవ్వ కడవ మూతి మీది గుడ్డ సరిచేసి పట్టుకుంది.

మరుసటి ఎండాకాలం ఊరంతా ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుంటూ గడిపాం. ఇద్దరికి మాత్రం లేచింది. ఇద్దరూ మంద వెంట పోయి పరాయి ఊళ్ళ బావుల్లో తాగినవాళ్ళు. దాంతో మల్లమ్మ ఊరుకోలేదు. మంద ఎటు పోతే అటు గుడ్డ పోవాలని తన వాడ మగవాళ్ళ తలగుడ్డల కొసలకు వడగట్టే ముక్కలు కట్టించింది. కోట్‌పల్లి దాకా, బంట్వారం అవతల దాకా ఆ కబురు గొర్ల వెంట నడిచింది. ఆ తరవాతి ఏడు అన్ని వాడలవాళ్ళూ రాళ్ళు మోసి మెట్లు మూసేశారు. బావి చుట్టూ పిట్టగోడ కట్టి నాలుగు గిరకలు బిగించారు. అందులో పడమటి గిరక మాత్రం మాదిగవాడకు వేరుగా పెట్టారు. అంతవరకే వచ్చాం మేము. కానీ ఆ రోజు నుంచి ఆ బావి దగ్గర ఎవరి దయ కోసమూ ఎవరూ కూర్చోలేదు.

మూడేళ్ళ తరవాత ఎస్తేరమ్మ మళ్ళీ వచ్చింది. మశూచి టీకాలకు ఊళ్ళను సిద్ధం చేసే పని అప్పుడు ఆమెది. నేను గబగబా నారి సంగతి చెప్పబోతే ఆపి, "గుడ్డ ఇప్పుడెవలి కాడుంది?" అని అడిగింది. "నాది చినిగిపోతె నేనే కొన్న. బాలవ్వది ఆమె కోడలు పట్టుకుంది. మల్లమ్మది ఏ ఊర్ల ఉందో నాకే తెల్వదు" అన్నాను. ఆమె పగలబడి నవ్వడం నేను అప్పుడే చూశాను. "ఇగ నేనెందుకు, గా అయిదుగురినే పిల్వు, టీకాలు వాళ్లే ఏపిస్తరు" అంది. అలాగే చేశాం. ఆమెను ఆ రోజు అరుగు మీద కూర్చోనివ్వలేదు, లోపలికి తీసుకొచ్చి ఇంటి ఇత్తడి చెంబుతో నీళ్ళిచ్చాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆమెకు అది మొదటి చెంబు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుందేమో అనుకున్నాను. ఆమె చెంబును కిటికీ వెలుతురుకు వంచి లోపలికి చూసింది. "వడగట్టినవా?"

"వడగట్టిన."

అప్పుడు తాగింది. తాగి, అలవాటు ప్రకారం చెంబు కడగడానికి లేవబోయింది. నేను చేతిలోంచి తీసుకున్నాను. ఆమె ఒక్క నిమిషం నా మొహం చూసి, మళ్ళీ కూర్చుంది.

ఎన్నో మీటింగులకు వెళ్ళాను తరవాత, మహిళా మండలి పెట్టినప్పుడు, ఆరోగ్య శిబిరాలు వచ్చినప్పుడు. వేదిక మీద నాకు కుర్చీ వేసేవాళ్ళు. నా కళ్ళు మాత్రం గుమ్మం దగ్గర ఎవరు కూర్చున్నారా అని వెతికేవి. దిగి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని, ఇక్కడ నుంచి నీకేం కనపడుతోందని అడిగేదాన్ని. అధికారులకు విసుగొచ్చేది. మా కోడలైతే ఇప్పటికీ నవ్వుతుంది, పెళ్ళిళ్ళకు వెళ్ళినా మనుషుల కాళ్ళే చూస్తావేంటత్తా అని.

దుకాణదారు నా గుడ్డ కొలిచి, నిలువునా కత్తిరిద్దామని కత్తెర తీసుకున్నాడు. వద్దు, చింపమన్నాను. "ఎన్ని ముక్కలవ్వా?" అని అడిగాడు. మా ఇంట్లో దిండ్లు రెండే. నోటికి మాత్రం "అయిదు" అని వచ్చింది.